ముందు సేకరణ, తర్వాత అనుమానం: మూకుమ్మడి నిఘా పౌరుల స్వేచ్ఛను ఎక్కడ తాకుతుంది?

క్లుప్తంగా: ఒక వ్యక్తిపై అనుమానం వచ్చాక అతడి ఫోన్ వినడం పాత పద్ధతి. అందరి వివరాలూ ముందే పోగుచేసుకుని, అనుమానితుల్ని ఆ తర్వాత అందులోంచి వెతుక్కోవడం మూకుమ్మడి నిఘా. ఎవరో మన మాటలు వింటున్నారన్నదే దీనితో వచ్చే చిక్కు కాదు. పోగైన సమాచారం ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, దాన్ని వాడుకునే నిబంధనలు ఆ తర్వాత మారుతుంటాయి, ఆ మార్పు పౌరుడికి తెలియదు. ఈ తరహా నిఘా ఎలా పనిచేస్తుంది, దాని వల్ల భద్రతకు ఎంత మేలు జరిగింది, కోర్టులు ఎక్కడ అడ్డుకట్ట వేశాయి, ఎక్కడ వేయలేకపోయాయి అన్నదే ఈ వ్యాసం.

2013 జూన్‌లో బ్రిటన్ పత్రిక గార్డియన్ అమెరికాకు చెందిన ఒక రహస్య కోర్టు ఉత్తర్వును ప్రచురించింది. అది ఆ ఏడాది ఏప్రిల్ 25న జారీ అయింది. అందుకున్నది వెరిజాన్ అనే టెలిఫోన్ సంస్థ. జులై 19 వరకూ తన నెట్‌వర్క్‌లో సాగే ప్రతి కాల్ వివరాన్నీ రోజువారీగా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి అప్పగించాలన్నది ఆదేశం. ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కు, ఎప్పుడు, ఎంతసేపు అన్న వివరాలన్నమాట. మాట్లాడుకున్న మాటలు అందులో లేవు. ఫలానా వ్యక్తి మీద, ఫలానా కేసులో అన్న ప్రస్తావన కూడా లేదు. దేశంలోపలి కాల్స్, దేశం నుంచి బయటకు వెళ్లే కాల్స్, అన్నీ గంపగుత్తగా ఇచ్చేయాలి. ఈ కాగితాన్ని బయటపెట్టింది ఎన్‌ఎస్‌ఏ కోసం కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్.

ఆ కాగితం చూసి న్యాయ నిపుణులు విస్తుపోయింది నిఘా ఉందని తెలిసి కాదు. గూఢచారి సంస్థలు నిఘా పెడతాయన్న సంగతి ఎవరికి తెలియదు? ఆ ఉత్తర్వుకు ఆధారమైన చట్టం, 2001 ఉగ్రదాడుల తర్వాత వచ్చిన పేట్రియాట్ చట్టంలోని 215వ సెక్షన్, దర్యాప్తుకు ‘సంబంధించిన’ రికార్డులు మాత్రమే తీసుకోవచ్చంటుంది. దేశంలో అందరి కాల్స్ దర్యాప్తుకు ఎలా సంబంధిస్తాయి? ప్రభుత్వం చెప్పిన జవాబు తమాషాగా ఉంటుంది. రేపు ఎవరి రికార్డు అవసరపడుతుందో ఈరోజు తెలియదు కాబట్టి అందరివీ సంబంధించినవే అంది. రహస్య కోర్టు ఆ వాదనను ఏళ్ల పాటు ఒప్పుకుంటూ వచ్చింది. 2015 మేలో ఒక అప్పీళ్ల కోర్టు మాత్రం చట్టం అంత దూరం సాగదని తేల్చింది.

మనుషుల నుంచి యంత్రాల దాకా

గంపగుత్త సేకరణ ఇంటర్నెట్‌తో పుట్టిందేమీ కాదు. 1945 నుంచి 1975 వరకు అమెరికా నుంచి విదేశాలకు వెళ్లే టెలిగ్రాముల నకళ్లు మూడు టెలిగ్రాఫ్ కంపెనీల నుంచి నిఘా సంస్థలకు చేరుతూ ఉండేవి. ఆ పథకం పేరు ప్రాజెక్ట్ షామ్‌రాక్. దాని చివరి కాలంలో నెలకు లక్షన్నర సందేశాలను విశ్లేషకులు చదివేవారు. సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నేతృత్వంలోని కమిటీ 1975లో దీన్ని బయటకు లాగింది. ఎఫ్‌బీఐ పౌరహక్కుల నేతల మీద, యుద్ధ వ్యతిరేక సంఘాల మీద సాగించిన రహస్య వ్యవహారాలూ అప్పుడే బయటపడ్డాయి. మార్టిన్ లూథర్ కింగ్ గదుల్లో మైకులు పెట్టడం, ఆయనను కుంగదీసేలా ఆకాశరామన్న ఉత్తరం పంపడం వాటిలో ఉన్నాయి. ఆ విచారణల ఫలితమే 1978 నాటి విదేశీ నిఘా చట్టం. గూఢచర్యం కోసమైనా సరే, దేశంలో ఒకరి మీద నిఘా పెట్టాలంటే ముందు ఒక కోర్టుకు కారణం చూపాలని అది చెప్పింది. 2013 నాటి ఉత్తర్వు ఇచ్చిన రహస్య కోర్టు అదే.

తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీది ఇంకో దారి. 1989 నాటికి కోటీ అరవై లక్షల జనాభా మీద దాదాపు 91 వేల మంది పూర్తికాలపు ఉద్యోగులు, వాళ్లకు తోడు లక్షన్నరకు పైగా వేగులు ఉండేవారు. వాళ్లు వదిలిపోయిన ఫైళ్లను వరుసగా పేరిస్తే 111 కిలోమీటర్లు. ఇంత చేసినా అందరి మీదా ఒకేసారి కన్నేయడం స్టాసీ వల్ల కాలేదు. ఒకరిని గమనించాలంటే ఇంకొకరు కూర్చోవాలి, వినాలి, రాయాలి, ఆ రాసింది మరొకరు చదవాలి. అంటే నిఘాకు అయ్యే ఖర్చే దానికి పరిమితి. చట్టం ఏం రాసినా రాయకపోయినా, ఎవర్ని వినాలో ఎంచుకోక తప్పని పరిస్థితి ఉండేది.

డిజిటల్ యుగంలో ఆ పరిమితి పోయింది. ఫోన్ జేబులో ఉంటే చాలు, టవర్‌కు సంకేతం వెళుతుంది, బిల్లు కోసం కంపెనీ ఎలాగూ రికార్డు రాసుకుంటుంది. ఆ రికార్డు కాపీ తీయడానికి ప్రత్యేకంగా ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఎవర్ని ఎంచుకోవాలన్న ప్రశ్న సేకరణ దశలో అసలు రాదు, వెతికే దశలో వస్తుంది. మూకుమ్మడి నిఘా గురించిన చర్చల్లో ఎక్కువ గందరగోళం ఈ రెండు దశల్నీ కలిపేయడం వల్లే. “మేం ఎవరి సమాచారమూ చూడట్లేదు” అని ప్రభుత్వం అన్నప్పుడు అది వెతుకులాట గురించి చెబుతోంది. “మా సమాచారం తీసుకున్నారు” అని పౌరుడు అన్నప్పుడు సేకరణ గురించి మాట్లాడుతున్నాడు. ఒకేసారి ఇద్దరి మాటా నిజం కావచ్చు.

మాటలు వినకపోతే ఏమైంది?

“ఇది మెటాడేటా మాత్రమే” అన్నది 2013లో తరచూ వినిపించిన సమర్థన. మాటలు కాకుండా, ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంతసేపు చేశారన్న వివరాలే మెటాడేటా. ఆ సమర్థన మూలం 1979లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన స్మిత్ తీర్పులో ఉంది. తిప్పిన నంబర్లు టెలిఫోన్ కంపెనీకి ఎలాగూ తెలుస్తాయి, కంపెనీకి ఇష్టపూర్వకంగా చెప్పినదాంట్లో గోప్యత ఏముంది అన్నది ఆ తీర్పు సారాంశం. అప్పుడు కోర్టు ముందున్నది ఒక్క అనుమానితుడు, కొద్ది రోజుల్లో ఒక్క ల్యాండ్‌లైన్ నుంచి తిప్పిన నంబర్లు. మూడు దశాబ్దాల తర్వాత అదే తీర్పు దేశం మొత్తం కాల్స్ జాబితాకు గొడుగు పట్టింది.

మెటాడేటా ఎంత చెబుతుందో పరిశోధకులు లెక్కగట్టి చూశారు. 15 లక్షల మంది మొబైల్ వినియోగదారుల 15 నెలల కదలికల్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. పేర్లు తీసేసిన ఆ సమాచారంలోనూ, ఒక మనిషి ఏ వేళ ఏ ప్రాంతంలో ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీసి గుర్తుపట్టవచ్చని తేలింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన మరో అధ్యయనం ఎనిమిది వందల పైచిలుకు వాలంటీర్ల కాల్ రికార్డులపై సాగింది. గుండె వైద్య నిపుణులతో సుదీర్ఘమైన కాల్, మందుల దుకాణం నుంచి కొన్ని చిన్న కాల్స్, గుండె లయను గమనించే పరికరానికి సంబంధించిన హెల్ప్‌లైన్‌కు మరికొన్ని. ఈ మాత్రం చూసి ఆ వ్యక్తి జబ్బేమిటో వాళ్లు చెప్పగలిగారు. మాటలు వింటే యాసలు, వ్యంగ్యాలు, అర్థంకాని సైగలు అడ్డొస్తాయి. నంబర్లకు ఆ బాధ లేదు. యంత్రం చదవడానికి మాటలకంటే మెటాడేటాయే సులువు.

వెతికే దశలో జరిగేది తీగ లాగి డొంక కదిలించడం లాంటిదే. ఒక అనుమానిత నంబర్‌ను విత్తుగా తీసుకుంటారు. దానితో మాట్లాడిన నంబర్లు మొదటి అంచె, వాటితో మాట్లాడినవి రెండో అంచె, వాటితో మాట్లాడినవి మూడో అంచె. ఎన్‌ఎస్‌ఏకి అప్పట్లో మూడంచెల దాకా అనుమతి ఉండేది. 2012లో అలా వాడిన విత్తు నంబర్లు 300 కన్నా తక్కువేనని అధికారులు భరోసాగా చెప్పుకొచ్చారు. లెక్క వేస్తే ఆ భరోసా పలచబడుతుంది. ఒక్కొక్కరు వంద మందితో మాట్లాడారనుకుంటే మొదటి అంచెలో 100, రెండో అంచెలో 10,000, మూడో అంచెలో 10 లక్షల నంబర్లు. అదీ ఒక్క విత్తుకే. ఈ లెక్కలో ఒకే పిజ్జా దుకాణానికి, ఒకే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన ముక్కూమొహం తెలియని జనమంతా బంధుజాలంగా కనిపిస్తారు. 2014 జనవరిలో అధ్యక్షుడు ఒబామా దీన్ని రెండంచెలకు తగ్గించారు.

గడ్డివాము లెక్క

“గడ్డివాములో సూదిని వెతకాలంటే ముందు గడ్డివాము మొత్తం మన దగ్గరుండాలి కదా” అని 2013 జులైలో అమెరికా డిప్యూటీ అటార్నీ జనరల్ జేమ్స్ కోల్ ప్రతినిధుల సభ కమిటీ ముందు అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ అరుదైనదాన్ని పెద్ద గుంపులో వెతికేటప్పుడు గణితం అడ్డం తిరుగుతుంది.

పది కోట్ల జనాభా ఉన్న ఒక దేశం ఊహించుకోవాలి. అందులో నిజంగా ప్రమాదకరమైనవాళ్లు వెయ్యి మంది. వాళ్లను 99 శాతం కచ్చితంగా గుర్తించే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. నిజానికి మనుషుల ఉద్దేశాలను అంత కచ్చితంగా పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కడా లేదు, అయినా ఉందనుకుందాం. అది వెయ్యిమందిలో 990 మందిని పట్టుకుంటుంది. మిగిలిన పది కోట్ల అమాయకుల్లో ఒక శాతం, అంటే దాదాపు పది లక్షల మందిని పొరపాటున పట్టుకుంటుంది. చేతికొచ్చే జాబితాలో ప్రతి వెయ్యి పేర్లకు ఒక్కటే అసలుది. పోలీసులు ఆ పది లక్షల మందినీ విచారించలేరు. కొందరిని ఎంచుకుంటారు. ఎవర్ని ఎంచుకోవాలన్న దగ్గర మతం, ప్రాంతం, రాజకీయం తలదూరుస్తాయి. యంత్రం పక్షపాతం లేనిదని చెప్పుకునే వ్యవస్థలోకి పక్షపాతం వచ్చే దారుల్లో ఇదొకటి.

ఫలితాల సంగతి? కాల్ రికార్డుల సేకరణతో పాటు మరికొన్ని కార్యక్రమాల వల్ల 54 ఉగ్రవాద కుట్రలకు సంబంధించిన సాయం అందిందని 2013లో అధికారులు చెప్పారు. గోప్యత, పౌరస్వేచ్ఛల పర్యవేక్షణకు అమెరికా ప్రభుత్వమే నియమించిన బోర్డు రహస్య పత్రాలన్నీ తిరగేసి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. కాల్ రికార్డుల కార్యక్రమం ఒక ఉగ్రవాద కేసు ఫలితాన్ని మార్చిందనడానికి ఒక్క ఉదాహరణా దొరకలేదని తేల్చింది. చివరికి అధికారులు గట్టిగా చూపించగలిగింది ఒకే ఒక్క కేసు. సోమాలియాలోని అల్ షబాబ్‌కు సుమారు 8,500 డాలర్లు పంపినవాళ్ల మీద పెట్టిన కేసది. 2020లో ఆ కేసు అప్పీల్‌కు వచ్చినప్పుడు, శిక్షలు నిలబెడుతూనే, అసలు ఆ సేకరణే చట్టవిరుద్ధమని కోర్టు చెప్పింది.

దీన్ని బట్టి అన్ని రకాల గంపగుత్త నిఘా దండగేనని తీర్మానించడం తప్పు. విదేశాల్లోని లక్ష్యాల ఈమెయిళ్లు, సందేశాలను సేకరించే 702వ సెక్షన్ (విదేశీ నిఘా చట్టానికి తర్వాత చేర్చింది) గురించి అదే బోర్డు అదే ఏడాది వేరే నివేదిక ఇచ్చింది. దానివల్ల ఉపయోగం ఉందని ఒప్పుకుంది. తేడా ఎక్కడుందంటే, రెండోదానిలో కనీసం లక్ష్యమంటూ ఒకటి ఉంటుంది. లక్ష్యం లేని సేకరణకే ఫలితం చూపించడం కష్టమైంది.

ఒకందుకు పోశారు, ఇంకొకందుకు వాడారు

702 మీద అభ్యంతరాలు వేరే వైపు నుంచి వచ్చాయి. అమెరికన్లను లక్ష్యం చేసుకోకూడదన్నది దాని షరతు. 2023లో దాని కింద ఉన్న విదేశీ లక్ష్యాలు 2.68 లక్షలకు పైగా. వాళ్లతో అమెరికన్లు మాట్లాడితే ఆ మాటలూ డేటాబేస్‌లో పడతాయి. పడ్డాక, అమెరికన్ పేరుతో ఆ డేటాబేస్‌లో వెతకడానికి వారెంట్ అక్కర్లేదు. విదేశీ గూఢచర్యం కోసం పోగైన సమాచారాన్ని ఎఫ్‌బీఐ దేశంలోపలి పనులకు తిరగేయడం ఇలాగే మొదలైంది. 2023 మేలో బయటపెట్టిన ఒక కోర్టు ఉత్తర్వు ప్రకారం ఎఫ్‌బీఐ దాదాపు 2.78 లక్షల సార్లు నిబంధనలకు విరుద్ధంగా వెతికింది. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతిలో చనిపోయాక 2020లో జరిగిన నిరసనల్లో అరెస్టయిన 133 మంది పేర్లు అందులో ఉన్నాయి. 2021 జనవరిలో అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడికి సంబంధించి అనుమానితుల పేర్లున్నాయి. అమెరికా పార్లమెంటుకు పోటీచేసిన ఒక అభ్యర్థికి విరాళాలిచ్చిన 19 వేల మంది పేర్లూ ఉన్నాయి. వామపక్షమా మితవాదమా అన్న తేడా లేకుండా అందరూ తగిలారు.

విడి ఉద్యోగులు చేసే దుర్వినియోగం సంఖ్యలో చిన్నదే. అయినా వ్యవస్థ గుట్టు అది బాగా చెబుతుంది. 2003 తర్వాతి పదేళ్లలో కావాలని చేసిన దుర్వినియోగాలు పన్నెండని ఎన్‌ఎస్‌ఏ 2013లో ఒక సెనేటర్‌కు రాసిన లేఖలో ఒప్పుకుంది. వాటిలో ఒకటి 2005 నాటిది. ఒక సైనిక ఉద్యోగికి నిఘా వ్యవస్థలో వెతికే అనుమతి వచ్చింది. వచ్చిన మొదటి రోజే తన మాజీ ప్రియురాలి ఆరు ఈమెయిల్ చిరునామాలు కొట్టి చూశాడు. అడిగితే, సిస్టమ్ మీద ప్రాక్టీస్ చేద్దామనుకున్నానన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆడిట్‌లో దొరికిపోయాడు, హోదా తగ్గించారు, రెండు నెలలు సగం జీతం కోశారు. ఆడిట్ పనిచేసిందని దీన్ని భద్రతాధికారులు మంచి ఉదాహరణగా చూపొచ్చు. తప్పుడు వెతుకులాట జరిగాక కానీ ఆడిట్‌కు పని ఉండదన్నది అందులోనే ఉన్న రెండో పాఠం.

దీర్ఘకాలంలో మాత్రం అసలు ప్రమాదం వ్యక్తుల బుద్ధి మారడం వల్ల కాదు, ప్రభుత్వాలు మారడం వల్ల. నెదర్లాండ్స్ ఉదంతం చరిత్రకారులు పదేపదే చెప్పేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అక్కడ జనాభా రిజిస్టర్ ఎంతో పకడ్బందీగా ఉండేది. పేరు, చిరునామాతో పాటు మతం వివరం కూడా ఉండేది. పరిపాలన సౌకర్యం కోసం చిత్తశుద్ధితో తయారుచేసిన కార్డులవి, ఎవరి మీదా కక్షతో కాదు. 1940లో జర్మనీ ఆక్రమించాక అవే కార్డులు యూదుల ఇళ్లకు దారి చూపించాయి. 1943 మార్చి 27న ప్రతిఘటన దళం పోలీసు దుస్తుల్లో ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ కార్యాలయంలోకి చొరబడి కార్డులకు నిప్పంటించింది. కొంత భాగమే కాలింది. ఆ దేశంలోని యూదుల్లో నాలుగింట మూడు వంతుల మంది ప్రాణాలు కోల్పోయారు. రిజిస్టర్ ఒక్కటే దానికి కారణం కాదు గానీ, పని సులువు చేసిన వాటిలో అది ముఖ్యమైనది. కార్డు మీద ఒక గడి పూరించినప్పుడు, ఆ కార్డు రేపు ఎవరి చేతికి వెళుతుందో పూరించిన గుమాస్తాకు తెలిసే వీలు లేదు.

స్వేచ్ఛ తగ్గేది ఎక్కడ?

అరెస్టులు, జైళ్లు కనిపిస్తాయి కాబట్టి లెక్కపెట్టగలం. నిఘా వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం కనిపించదు. ఎందుకంటే అది జరిగిన పని కాదు, జరగకుండా ఆగిపోయిన పని. వెతకకుండా వదిలేసిన పదం, చేరకుండా మానుకున్న సంఘం, విలేకరికి చేయకుండా ఆపేసిన ఫోన్.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1983లోనే, ఇంటర్నెట్ ఊసే లేని రోజుల్లో, జనగణన కేసులో ఈ విషయాన్ని పట్టుకుంది. ఒక సభకు వెళితే అది ఎక్కడో నమోదవుతుందేమోనన్న అనుమానం ఉన్న మనిషి, ఆ సభకు వెళ్లే హక్కును వాడుకోవడమే మానేయవచ్చని, దానివల్ల నష్టం ఆ ఒక్కరికే కాక ప్రజాస్వామ్యానికీ జరుగుతుందని తీర్పులో రాసింది. తన సమాచారం మీద నిర్ణయాధికారం వ్యక్తికే ఉండాలన్న సూత్రం ఆ తీర్పు నుంచే వచ్చింది.

అప్పట్లో అది తర్కం. తర్వాత కొలతలు వచ్చాయి. ఉగ్రవాదానికి సంబంధించిన అంశాలపై వికీపీడియా వ్యాసాల వీక్షణలు 2013 జూన్ తర్వాత స్పష్టంగా పడిపోయాయని, వెంటనే కోలుకోలేదని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. వికీపీడియా చదవడం నేరం కాదు. చదివినవాళ్ల మీద కేసులూ లేవు. అయినా కొందరు చదవడం మానేశారు. అమెరికా రచయితల సంఘం పెన్ 2013లో తన సభ్యుల్ని అడిగితే, నిఘాలో పడతామన్న టెన్షన్‌తో ఏదో ఒక అంశంపై రాయడమో మాట్లాడడమో మానుకున్నామని ఆరుగురిలో ఒకరు చెప్పారు. స్వతంత్ర దేశంలో, ఎవరూ ఏమీ నిషేధించకుండానే జరిగిందిది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మనిషి నైజం. భుజం మీద ఏమీ లేనివాడూ తడుముకుంటాడు.

“దాచుకోవాల్సిందేమీ లేనివాళ్లకు భయమెందుకు?” అన్న ప్రశ్న ఇక్కడే బోల్తా పడుతుంది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు తమ ఒక్కరి జీవితాన్నే దృష్టిలో పెట్టుకుంటారు. అవినీతి గుట్టు విప్పే చిరుద్యోగి, అతడి నుంచి సమాచారం అందుకునే విలేకరి, ప్రభుత్వం మీద కేసు వాదించే లాయర్, ప్రతిపక్షంలో వ్యూహం రచించే నాయకుడు, వీళ్లందరికీ చట్టబద్ధంగానే దాచుకోవాల్సినవి ఉంటాయి. విలేకరికీ ఆ చిరుద్యోగికీ మధ్య జరిగిన సంభాషణ ఏమిటో తెలియనక్కర్లేదు. ఒక కాల్ వెళ్లిందని తెలిస్తే చాలు, ఆ ఉద్యోగి పని అయిపోయినట్టే. తన జీవితంలో దాచేదేమీ లేని పౌరుడు కూడా ఇలాంటివాళ్లు నోరు తెరవగలగడం మీదే ఆధారపడి ఉంటాడు, ఆ సంగతి అతడికి తట్టకపోయినా.

ఈ వెనుకంజ ఎంతకాలం ఉంటుంది, ఎంతమందిలో ఉంటుంది అన్నదానిపై వాదనలున్నాయి. చాలామంది కొన్నాళ్లకు నిఘా సంగతి మరచిపోయి మామూలుగా ఉంటారు. అల్పసంఖ్యాకులు, వలస వచ్చినవాళ్లు, ఉద్యమకారులు మాత్రం మరవరు, మరవడానికి వాళ్ల అనుభవం ఒప్పుకోదు. అందరి మీదా సమానంగా పడినట్టు కనిపించే నిఘా, బరువు మాత్రం అందరి మీదా సమానంగా వేయదు.

రుజువు లేదు, కాబట్టి కేసు లేదు

2013 ఫిబ్రవరి 26న అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 702వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమంటూ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, కొందరు లాయర్లు, విలేకరులు వేసిన కేసది. విదేశాల్లోని తమ క్లయింట్లతో, వార్తా వర్గాలతో జరిపే సంభాషణలు నిఘాలో పడే అవకాశం ఎక్కువని, అందుకే విమానమెక్కి వెళ్లి ముఖాముఖి మాట్లాడాల్సి వస్తోందని వాళ్లు చెప్పారు. అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు. నిఘా జరిగిందని రుజువు చేయలేదు, ఊహల మీద కేసు నిలవదని మెజారిటీ తేల్చింది. నిఘా రహస్యం కాబట్టి రుజువు దొరకదు, రుజువు లేకపోతే కోర్టు వినదు, కోర్టు వినకపోతే రహస్యం రహస్యంగానే ఉంటుంది. మూడు నెలల పైన కొద్ది రోజులకే స్నోడెన్ పత్రాలు బయటకొచ్చాయి. ఆ తర్వాత వికీపీడియా మాతృసంస్థ వేసిన కేసు రుజువుల దశ దాకా వెళ్లింది. అప్పుడు ప్రభుత్వం దేశ రహస్యాల హక్కును అడ్డం పెట్టింది. 2023లో సుప్రీంకోర్టు దాన్ని వినడానికి నిరాకరించడంతో అదీ ముగిసింది. కోర్టు తలుపు రెండుసార్లు మూసుకుంది, రెండుసార్లూ నిఘా సక్రమమా కాదా అన్న అసలు ప్రశ్నకు జవాబు రాలేదు.

ఒక్కో చోట ఒక్కో గీత

ఐరోపా కోర్టులు గీత ఇంకాస్త ముందే గీశాయి. టెలికాం కంపెనీలు అందరి కాల్, ఇంటర్నెట్ వివరాలను ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా దాచాలన్న 2006 నాటి ఆదేశాన్ని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న కొట్టేసింది. నేరంతో ఏ సంబంధమూ లేని మొత్తం జనాభా వివరాలు దాచడమే తప్పన్నది కారణం. అంటే ఎవరూ తెరిచి చూడకపోయినా, దాచడమే హక్కుల్లో జోక్యం. దేశ భద్రతకు తీవ్రమైన ముప్పు నిజంగా ఉన్నప్పుడు పరిమిత కాలానికి మినహాయింపు ఉంటుందని 2020లో అదే కోర్టు చెప్పింది. మానవ హక్కుల ఐరోపా న్యాయస్థానం మాత్రం 2021 మేలో బ్రిటన్ కేసులో మధ్యేమార్గం పట్టింది. గంపగుత్త నిఘా దానంతటదే తప్పు కాదంది. కానీ మొదటి అడుగు నుంచి చివరి దాకా రక్షణలు ఉండాలి, అనుమతి ఇచ్చేది ప్రభుత్వం కాకుండా స్వతంత్ర సంస్థ అయి ఉండాలి, బ్రిటన్ పాత వ్యవస్థలో అవి లేవు అని తప్పుపట్టింది.

భారత్‌లో చట్టపరంగా ఉన్నది గంపగుత్త సేకరణ కాదు, ఉత్తర్వు ప్రకారం సాగే నిఘా. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, ఐటీ చట్టంలోని 69వ సెక్షన్ దానికి ఆధారం. అనుమతి ఇచ్చేది హోం శాఖ కార్యదర్శి, సమీక్షించేది కార్యదర్శుల కమిటీ. అడిగేదీ ఇచ్చేదీ సరిచూసేదీ ప్రభుత్వమే, మధ్యలో జడ్జి లేడు. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, చట్టం, అవసరం, తగిన మోతాదు అనే మూడు గీటురాళ్లు చెప్పింది. ఆ గీటురాళ్ల మీద ఈ అనుమతి వ్యవస్థను పెట్టి చూడడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఫోన్లలోకి రహస్యంగా చొరబడే పెగాసస్ అనే ఇజ్రాయెల్ సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో 2021లో సుప్రీంకోర్టు కమిటీ వేసింది. కమిటీ పరిశీలించిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగాససేనని నిర్ధారణ కాలేదని, ప్రభుత్వం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టులో వెల్లడైంది.

అడ్డూ ఆపూ లేని చోట ఏమవుతుందో చూడాలంటే చైనాలోని షిన్‌జియాంగ్ వైపు చూడాలి. పోలీసులు వాడే ఒక యాప్‌ను హ్యూమన్ రైట్స్ వాచ్ 2019లో విప్పదీసి చూసింది. మామూలు కంటే ఎక్కువ కరెంటు వాడడం, ఇరుగుపొరుగుతో కలవకపోవడం, ముందు తలుపు వదిలి పెరటి తలుపు గుండా తిరగడం లాంటివి అందులో అనుమానాస్పదాలు. ఇక్కడ సేకరణకూ అనుమానానికీ మధ్య ఎడమే లేదు. అనుమానం పుట్టించే పనిని కూడా యాప్‌కే అప్పగించారు.

ఒకరి కోసం తెరిచిన తలుపు

నిఘా కోసం నెట్‌వర్క్‌లోనే దారి ఉంచమని చట్టాలు టెలికాం కంపెనీలను అడుగుతాయి. ఆ దారి పోలీసులకే అని దానికి తెలియదు. 2004-05లో గ్రీస్‌లో వోడాఫోన్ నెట్‌వర్క్‌లోని చట్టబద్ధ ట్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌ను గుర్తుతెలియనివాళ్లు రహస్యంగా ఆన్ చేసుకుని, ప్రధానమంత్రితో సహా వంద మందికి పైగా ప్రముఖుల ఫోన్లు విన్నారు. 2024లో చైనాతో సంబంధమున్న హ్యాకర్లు అమెరికా టెలికాం సంస్థల్లోకి చొరబడ్డారు. కోర్టు ఉత్తర్వులపై సాగే నిఘాకు సంబంధించిన సమాచారాన్ని కూడా వాళ్లు కాపీ చేసుకున్నారని ఎఫ్‌బీఐ ప్రకటించింది. సందేశాలను ఇతరులు చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్‌లో పోలీసుల కోసం ఒక సందు ఉంచాలన్న వాదనకు సాంకేతిక నిపుణులు ససేమిరా అనేది ఇందుకే.

వారెంట్ బదులు బిల్లు

అమెరికా కాంగ్రెస్ 2015 జూన్‌లో కాల్ రికార్డుల గంపగుత్త సేకరణను ఆపేసింది. 2018లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఒక దోపిడీ కేసులో పోలీసులు వారెంట్ లేకుండా నిందితుడి ఫోన్ 127 రోజుల కదలికలు తీసుకున్నారు. మొత్తం 12,898 చోట్లు, అంటే రోజుకు సగటున వంద. ఇంత వివరాన్ని ‘కంపెనీకి ఇచ్చేశారు కదా’ అని కొట్టిపారేయలేమని, వారెంట్ ఉండాల్సిందేనని 5-4 తేడాతో తీర్పు వచ్చింది. 1979 నాటి తర్కానికి తగిలిన మొదటి పెద్ద దెబ్బ అది.

అయితే ఆ తీర్పు ప్రభుత్వం కంపెనీని బలవంతం చేసినప్పటి సంగతి. కొనుక్కుంటే? వాతావరణం చెప్పే యాప్‌లు, ఆటల యాప్‌లు, ప్రార్థన వేళలు చెప్పే యాప్‌లు పోగుచేసిన లొకేషన్ సమాచారం బ్రోకర్ల దగ్గర అమ్మకానికి ఉంటుంది. ప్రకటనల కంపెనీలతో పాటు ప్రభుత్వ సంస్థలూ కొంటున్నాయి. అమెరికన్ల ఇంటర్నెట్ వాడకం రికార్డుల్ని తాము వారెంట్ లేకుండా కొంటున్నట్టు ఎన్‌ఎస్‌ఏ ఒప్పుకున్న లేఖ 2024 జనవరిలో బయటికొచ్చింది. బజార్లో ఎవరైనా కొనుక్కోగలిగేదాన్ని మేం కొంటే తప్పేమిటన్నది సమర్థన. మార్కెట్లో దొరుకుతోంది కాబట్టి గోప్యత లేదంటే, గోప్యత హద్దును నిర్ణయించేది రాజ్యాంగం కాదు, బ్రోకర్ ధరల పట్టిక అవుతుంది.

వారెంట్ కావాల్సిన సమాచారాన్ని ప్రభుత్వం డబ్బు పెట్టి కొనకూడదన్న బిల్లును 2024 ఏప్రిల్ 17న ప్రతినిధుల సభ 219-199 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీలవాళ్లూ కలిసి వేసిన ఓట్లవి. సెనేట్ ఆ బిల్లును ఓటింగ్‌కు తీసుకురాలేదు. అదే వారంలో 702వ సెక్షన్‌ను మాత్రం మరో రెండేళ్లు పొడిగించింది.